ఇంట్లో చెప్పుకోగలిగినంతే... మీ తొలి లిమిట్!

‘‘అన్నా, పదిహేను వేల లిమిట్‌తో కార్డిచ్చారు. దీంతో ఏం చేసుకోను?’’ ఇంజినీరింగ్ చదివే జూనియర్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న మాట ఇది. రూమ్మేట్ వాళ్లన్నయ్యకు మూడు లక్షల లిమిట్ ఉంది, క్లాసులో ఒకడి దగ్గర ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి పంపే కార్డుంది, మనకేమో ఫోన్ కొనడానికి కూడా సరిపోని కార్డు. చిన్నతనంగా అనిపించడం సహజమే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. చదువుకునే రోజుల్లో మీకు దొరికే మంచి కార్డు ఈ చిన్న లిమిట్ కార్డే. పెంచుతామని బ్యాంకు వెంటపడినా మొదటి జీతం వచ్చేదాకా పెంచుకోవద్దు. కార్డు అసలు అక్కర్లేదనుకుంటే అదీ సరైన నిర్ణయమే. కానీ తీసుకున్నారంటే మాత్రం దాన్ని ఎలా వాడాలో ముందు నేర్చుకోవాలి. రెండు మూడు నెలలు చూసి నేర్చుకుందాంలే అంటే కుదరదు. ఎందుకంటే మీ పొరపాట్లు కూడా మొదటి నెల నుంచే రికార్డవుతాయి.

అసలు ఇది ఎవరి డబ్బు?

మన దగ్గర 18 ఏళ్లు నిండిన విద్యార్థికి, జీతం లేకపోయినా దొరికేది ఎక్కువగా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. మీ పేరు మీద ఇరవై వేలు డిపాజిట్ చేస్తే, అందులో సాధారణంగా 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. కాకపోతే కార్డు ఉన్నన్నాళ్లు ఆ డబ్బు బ్యాంకు చేతిలో తాకట్టు. మీరు బిల్లు కట్టకపోతే అందులోంచి జమ చేసుకుంటారు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘నా డబ్బే కదా, కట్టకపోతే అందులోంచి తీసుకుంటారు, నాకొచ్చే నష్టమేంటి?’ అంటారు. నష్టం ఉంది. డిపాజిట్ వెనకున్నా ఇది అప్పే. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది, లేట్ ఫీజు పడుతుంది, ఆ ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది. డిపాజిట్ నుంచి జమ చేసుకుంటే బాకీ తీరుతుంది గానీ రిపోర్టులో పడిన మరక పోదు.

నాన్న కార్డు మీద మీ పేరుతో తీసుకునే యాడ్ ఆన్ కార్డు సంగతి వేరు. మన దగ్గర దాని చరిత్ర అంతా అసలు కార్డుదారు ఖాతాలోకే వెళ్తుంది. మీరు రూపాయి ఆలస్యం చేయకుండా కట్టినా ఆ మంచిపేరు నాన్నకే. మీరు గాడి తప్పితే ఆ చెడ్డపేరూ ఆయనకే.

అవసరమా, ఆర్భాటమా?

యూపీఐ ఉండగా కార్డెందుకు అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. రోజువారీ ఖర్చులకు డబ్బులు ఖాతాలోంచి పోవడమే మేలు. రివార్డు పాయింట్ల కోసమైతే ఈ కార్డు తీసుకోవద్దు. పదిహేను వేల లిమిట్ మీద నెలకు నాలుగు వేలు వాడితే వచ్చే పాయింట్ల విలువ కొన్ని పదుల రూపాయలు. ఒక్కసారి లేట్ ఫీజు పడిందంటే ఏడాది పాయింట్లన్నీ దానికే సరి.

కార్డు వల్ల అసలు ప్రయోజనం ఒకటే, చరిత్ర. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలు మన అప్పుల లెక్కలు దాస్తాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే మంచిదని బ్యాంకులు లెక్కేస్తాయి. ఇరవై ఏళ్లకు మొదలైన క్రమశిక్షణ ఇరవై ఏడేళ్లకు ఇంటి అప్పో, బండి అప్పో తీసుకునేటప్పుడు అక్కరకొస్తుంది.

అలాగని స్కోరు లేకపోతే జీవితం ఆగిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. తొలిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు రుణ సంస్థలకు చెప్పింది. కాబట్టి ‘కార్డు తీసుకోకపోతే వెనకబడిపోతావు’ అనేది అమ్మేవాళ్ల మాట. చరిత్ర లేకపోవడం వేరు, చెడ్డ చరిత్ర ఉండటం వేరు. మొదటిదాన్ని ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు. రెండోదాన్ని దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మూడున్నర రూపాయల వడ్డీ

కార్డు కంపెనీ ‘నెలకు 3.5 శాతం’ అని రాస్తే మనకు చిన్న అంకెలా కనిపిస్తుంది. దాన్ని మన ఊరి లెక్కలోకి మార్చి చూడండి. నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తేనే అమ్మానాన్నలు తలపట్టుకుంటారు. మూడు రూపాయలంటే ‘వాడి దగ్గరికెళ్లొద్దు’ అంటారు. అంతకంటే ఎక్కువ వడ్డీ మీ జేబులో, మెరిసే ప్లాస్టిక్ ముక్కలో ఉంది. చాలా కార్డుల వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం మధ్య, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం ఉంటుంది. దానిమీద మళ్లీ 18 శాతం జీఎస్టీ.

ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కాబట్టి ఆ హద్దు కూడా ఇప్పుడు లేదు.

‘మినిమమ్ డ్యూ’ సంగతీ లెక్కేసి చూద్దాం. బిల్లు 12,000 వచ్చింది. కనీసం 5 శాతం, అంటే 600 కడితే చాలన్నారు, కట్టారు. మిగిలింది 11,400. దానిమీద నెలకు మూడున్నర చొప్పున వడ్డీ 399, ఆ వడ్డీ మీద జీఎస్టీ దాదాపు 72. మొత్తం 471. మీరు కట్టిన 600లో అసలు కిందకు పోయింది 130 రూపాయల లోపే! కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా ఇదీ పరిస్థితి. వాడితే ఇంకా ఘోరం. పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందన్న హెచ్చరిక బిల్లులో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మీ బిల్లు తీసి చూడండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మీకోసం రాసిందే.

కార్డుతో ఏటీఎంలో డబ్బులు తీయడమైతే పూర్తిగా మర్చిపోండి. తీసిన క్షణం నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా విడిగా ఫీజు. ఐదొందలు తీసినా కనీస ఫీజు వందల్లో ఉంటుంది.

చిన్న లిమిట్‌తో వచ్చే అసలు చిక్కు

స్కోరు లెక్కలో సకాలంలో కట్టడంతో పాటు, ఉన్న లిమిట్‌లో ఎంత వాడుతున్నారన్నది కూడా చూస్తారు. 30 శాతం లోపు ఉంచుకోవడం మంచిదన్నది అందరూ చెప్పే లెక్క. మూడు లక్షల లిమిట్ ఉన్నవాడికి 30 శాతమంటే తొంభై వేలు. పదిహేను వేలున్న మీకు నాలుగున్నర వేలే. హాస్టల్ మెస్ బిల్లు, రీఛార్జి, ఒక పుస్తకం కలిస్తే అయిపోయింది. ఏ తప్పూ చేయకుండానే మీరు ‘ఎక్కువ అప్పు మీద బతికేవాడు’లా కనిపిస్తారు.

దీనికి విరుగుడు తేలికే. బిల్లు వచ్చేదాకా ఆగి కట్టాలని రూలేం లేదు. పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి తొమ్మిది వేలయ్యాయి అనుకోండి. డబ్బు చేతిలో ఉంటే వారంలోపే ఆరు వేలు కట్టేయండి. బిల్లు తయారయ్యే రోజుకు కనిపించేది మూడు వేలే. రుణ సంస్థలు ఈ వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సంస్థలకు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కాబట్టి పెద్ద ఖర్చు పడగానే కొంత కట్టేయడం అనే అలవాటు ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇంకో మాట. ఈ 30 శాతం గురించి నిద్ర మానుకోవద్దు. ఒక నెల ఎక్కువ వాడితే స్కోరు కాస్త తగ్గుతుంది, కట్టేశాక మళ్లీ కోలుకుంటుంది. గడువు దాటడం అలా కాదు. సిబిల్ రిపోర్టులో 36 నెలల చెల్లింపుల చరిత్ర నెలనెలా కనిపిస్తుంది. రెండో ఏడాదిలో చేసిన ఆలస్యం ఉద్యోగంలో చేరే రోజుకు కూడా అక్కడే ఉంటుంది. రెండింట్లో ఒకటే కాపాడుకోగలిగితే గడువునే కాపాడుకోండి.

తేదీలు మీ చేతిలోనే

బిల్లు తయారయ్యే తేదీ, కట్టాల్సిన ఆఖరు తేదీ, ఈ రెండూ తెలియకుండా కార్డు వాడటమంటే పరీక్ష తేదీ తెలియకుండా చదవడమే. ఉదాహరణకు బిల్లు 20వ తేదీన వస్తుంది, ఆఖరు తేదీ తర్వాతి నెల 9. ఈ 19న కొంటే మీకు దొరికే గడువు ఇరవై రోజులు. 21న కొంటే యాభై రోజులకు దగ్గర. వస్తువు అదే, ధర అదే.

ఇంటి నుంచి డబ్బులు ఐదో తేదీన వస్తాయి, కార్డు ఆఖరు తేదీ రెండు అయితే ప్రతి నెలా ఇబ్బందే. అలాంటప్పుడు చేబదుళ్ల కోసం తిరగకండి. బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారి మార్చుకునే హక్కు కార్డుదారుకు ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, డబ్బులొచ్చే రోజు తర్వాత ఆఖరు తేదీ పడేలా మార్పించుకోండి. మొత్తం బిల్లుకు ఆటో డెబిట్ పెట్టుకోండి. పెట్టేటప్పుడు ‘మినిమమ్’ అన్న దగ్గర టిక్ పడకుండా ‘టోటల్’ మీద పడిందో లేదో రెండుసార్లు చూసుకోండి.

ఆఖరు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలని, బకాయిగా రిపోర్టు చేయాలని నిబంధన ఉంది. సర్వర్ మొరాయించిన రోజు అది మిమ్మల్ని కాపాడుతుంది. అంతేగానీ దాన్నే అసలు గడువుగా పెట్టుకోకండి.

టీ కొట్టు దగ్గర జారిపోయే లిమిట్

2022లో రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి కలిపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించింది. సౌకర్యం బాగుంది. కానీ విద్యార్థికి అసలు ముప్పు ఇక్కడే ఉందంటాను. వెనకటికి కార్డు గీకాలంటే షాపులో మిషన్ ఉండాలి, గీకేముందు ఒక్క క్షణమైనా ఆలోచించేవాళ్లం. ఇప్పుడు టీ కొట్టు, జిరాక్స్ సెంటర్, మిర్చి బజ్జీల బండి... ఎక్కడ క్యూఆర్ కోడ్ కనిపిస్తే అక్కడ అప్పే. ఇరవై, నలభై, నూటపది. ఒక్కోటీ చిన్నదే. నెలాఖరుకు చూస్తే ఆరు వేలు. ఏం కొన్నారో గుర్తుండదు, చూపించడానికి వస్తువూ ఉండదు.

నేను జూనియర్లకు చెప్పే పద్ధతి ఇది. యూపీఐ యాప్‌లో కార్డును కలపొద్దు. కలిపినా డిఫాల్ట్‌గా పెట్టొద్దు. కార్డును రెండు మూడు పనులకే పరిమితం చేయండి: నెలనెలా వచ్చే రీఛార్జి, ఒక సబ్‌స్క్రిప్షన్, బస్సు లేదా రైలు టికెట్లు. ఇవన్నీ కార్డు లేకపోయినా మీరు పెట్టే ఖర్చులే. కార్డు వల్ల ఖర్చు పెరగకూడదు, ఖర్చు దారి మాత్రమే మారాలి. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది. కార్డుతో ఎంత వాడారో అంత మొత్తాన్ని ఆ రోజే వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చేయండి. బిల్లొచ్చే రోజుకు డబ్బు సిద్ధంగా ఉంటుంది.

‘ఒక్కసారి నీ కార్డు గీకవా మామా?’

హాస్టల్ జీవితంలో ఇది తప్పదు. స్నేహితుడికి ఫోన్ కావాలి, ఆన్‌లైన్‌లో కార్డు ఆఫర్ ఉంది, ‘నెలనెలా నేనిచ్చేస్తా’ అంటాడు. ఇస్తాడనే అనుకుందాం. అయినా చిక్కుంది. పన్నెండు వేల ఫోన్‌ను ‘నో కాస్ట్ ఈఎంఐ’లో పెడితే, నెలకు కట్టేది తక్కువే గానీ మొత్తం పన్నెండు వేలూ మీ లిమిట్‌లోంచి బ్లాక్ అవుతాయి. కిస్తీలు తీరే కొద్దీ కొంచెం కొంచెంగా విడుదలవుతాయి. అప్పటిదాకా పదిహేను వేల కార్డు మూడు వేల కార్డే. స్కోరు దృష్టిలో మీరు 80 శాతం వాడేసినవారు. వాడు ఒక నెల ఆలస్యం చేస్తే ఆ ఆలస్యం మీ పాన్ నంబరు మీద పడుతుంది. వాడి పేరు ఎక్కడా ఉండదు. ‘నో కాస్ట్’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కట్టాల్సి రావచ్చు. అది ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర స్నేహం చెడుతుంది.

కార్డు గీకి కమీషన్ పట్టుకుని నగదు ఇచ్చే షాపుల జోలికీ వెళ్లొద్దు. కొనని వస్తువుకు బిల్లు వేయడం కార్డు నిబంధనలకు విరుద్ధం. పైగా బిల్లొచ్చే రోజుకు ఆ నగదు ఎలాగూ ఉండదు.

స్నేహితుడికి కాదని చెప్పడం కష్టమే. చిన్న లిమిట్ ఇక్కడ కూడా మీకు సాయపడుతుంది. ‘నా లిమిటే పదిహేను వేలురా’ అంటే ఎవరూ నొచ్చుకోరు. మూడు లక్షలున్నవాడికి ఆ మాట చెప్పుకునే వీలుండదు.

పెంచుతామంటే... వద్దనండి

ఆరు నెలలు సక్రమంగా కడితే ఫోన్ వస్తుంది. ‘కంగ్రాచులేషన్స్, మీ లిమిట్ పెంచే అవకాశం వచ్చింది.’ స్కోరు కోణంలో చూస్తే లిమిట్ పెరిగితే వాడకం శాతం తగ్గుతుంది, మంచిదే కదా అనేవాళ్లున్నారు. జీతం వచ్చేవాళ్ల విషయంలో ఆ వాదన ఒప్పుకుంటాను. విద్యార్థి విషయంలో ఒప్పుకోను.

కారణం చెబుతాను. అప్పు ఊబి ఒక్కరోజులో తయారవదు. మొదట కార్డు నిండుతుంది. ఇంట్లో చెప్పడానికి భయం. బిల్లు కట్టడానికి ఇంకో యాప్‌లో ఐదు వేలు తీసుకుంటారు. ఆ యాప్‌కు కట్టడానికి మరో యాప్. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. ఆ వార్తలు చదివినప్పుడు నాకు అనిపించింది ఒకటే. మొదటి మెట్టు దగ్గరే ఎవరికైనా చెప్పుకోగలిగి ఉంటే చాలామందికి పైమెట్లు ఎక్కే అవసరమే వచ్చేది కాదు.

చిన్న లిమిట్ చేసే మేలు అదే. పదిహేను వేలు మొత్తం వాడేసి కట్టలేకపోయారనుకుందాం. ఇంటికి ఫోన్ చేసి చెప్పొచ్చు. నాన్న తిడతారు, అమ్మ రెండు రోజులు మాట్లాడదు, ఎలాగోలా సర్దుతారు. డిపాజిట్ కూడా ఉండనే ఉంది. అదే లక్షన్నర అయితే? ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. చెప్పుకోగలిగిన అప్పు తీరుతుంది, చెప్పుకోలేని అప్పే పెరుగుతుంది. అందుకే మీ తొలి లిమిట్ ఎంత ఉండాలని నన్నడిగితే, ఒకవేళ కట్టలేకపోతే ఇంట్లో చెప్పుకోగలిగినంత అంటాను. కొందరికి అది పది వేలు, కొందరికి పాతిక. ఎవరి ఇంటి సంగతి వాళ్లకే తెలుసు.

మీ అనుమతి లేకుండా లిమిట్ పెంచే అధికారం బ్యాంకుకు లేదు. లిమిట్ దాటి వాడుకోనివ్వాలన్నా మీ స్పష్టమైన సమ్మతి ఉండాలి. ఫోన్లో మొహమాటానికి ‘సరే’ అనకండి. ‘వద్దండీ, ఉన్నది చాలు’ అంటే చాలు.

అమెరికా వెళ్లేవాళ్లకు

ఎంఎస్‌కు వెళ్లే మనవాళ్లకు ఈ పాఠం రెట్టింపు అవసరం. ఇక్కడ కట్టిన బిల్లుల చరిత్ర సాధారణంగా అక్కడ లెక్కకు రాదు. సున్నా నుంచి మొదలు. తొలి కార్డు లిమిట్ 500 డాలర్ల దగ్గర ఉండటం మామూలే. అందులో 30 శాతమంటే 150 డాలర్లు, ఒకసారి సరుకులు తెచ్చుకుంటే సరి. అక్కడి ఫైకో స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీ ఎంతుందన్నదానికి 30 శాతం బరువుంటుంది. ఈ రెండూ కలిస్తేనే మూడింట రెండొంతులు. పైగా అక్కడ అపార్ట్‌మెంట్ అద్దెకివ్వాలన్నా స్కోరు చూసేవాళ్లెక్కువ. కాబట్టి పద్ధతి అదే: తక్కువ వాడటం, బిల్లు రాకముందే కొంత కట్టడం, మొత్తం కట్టడం. ఇక్కడ రెండేళ్లు పదిహేను వేల కార్డును సరిగ్గా నడిపినవాళ్లకు అక్కడ ఐదొందల డాలర్ల కార్డు కొత్తగా అనిపించదు.

ఆ దేశం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. క్యాంపస్‌లలో టీషర్టులు, పిజ్జాలు ఇచ్చి విద్యార్థులకు కార్డులు అంటగట్టే అలవాటును అక్కడ 2009 నాటి కార్డ్ చట్టంతో కట్టడి చేశారు. 21 ఏళ్లలోపు వారికి సొంతంగా కట్టగల ఆదాయం చూపితేనో, పెద్దవాళ్లెవరైనా పూచీ ఉంటేనో తప్ప కార్డు ఇవ్వకూడదన్నారు. మన దగ్గరా అలాంటి కంచె ఉండాలన్నది నా వాదన. ఫెస్ట్‌కు స్పాన్సర్‌షిప్ వస్తుందని కార్డుల స్టాల్‌కు చోటిచ్చే కాలేజీ, అదే రోజు ఒక గంట వడ్డీ లెక్క చెప్పించాలి. మొదటి ఏడాది విద్యార్థికి ఇంజినీరింగ్ డ్రాయింగ్‌తో పాటు ఒక బిల్లు చదవడం నేర్పితే పోయేదేమీ లేదు. కార్డు షరతులు వీలైతే స్థానిక భాషలోనూ ఇవ్వాలని మన నిబంధనల్లోనే ఉంది. తెలుగులో ఇవ్వమని అడగండి. పదిమంది అడిగితేనే అచ్చవుతుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న తిట్టుతో మాట అక్కడే ఆపేయకండి. మీరు కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఎలా నడిపారో, ఒకటో తేదీన ముందు ఆ పద్దు తీర్చాకే మిగతా ఖర్చులు ఎలా చూసుకున్నారో పిల్లలకు చెప్పండి. క్రెడిట్ కార్డు బిల్లు కూడా అలాంటి పద్దే. నెలకోసారి ఇద్దరూ కూర్చుని బిల్లు చూడండి. తిట్టడానికి కాదు, చూడటానికి.

ఇవి మీ హక్కులు

కార్డు మీ చేతిలో ఉందంటే, ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

అడగని కార్డు ఇవ్వడం నిషేధం. మీ సమ్మతి లేకుండా కార్డిచ్చి, యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ మొత్తం రద్దు చేయడంతో పాటు దానికి రెట్టింపు జరిమానాగా మీకు చెల్లించాలి.

బాకీ లేని కార్డును మూసేయమని మీరు అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. లేదంటే రోజుకు రూ.500 చొప్పున మీకు చెల్లించాలి.

ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చేసే లావాదేవీలను మీరే ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, ఒక్కోదానికి పరిమితి పెట్టుకోవచ్చు. వాడనివి ఆపేసి ఉంచండి. మీ ప్రమేయం, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు డబ్బు కొట్టేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ మీద భారం పడదు. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు. సైబర్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

బ్యాంకుకు ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయం జరగలేదనిపిస్తే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా మీ లెక్క మీ కళ్ల ముందే ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

ఇక ఈ రోజే చేయాల్సిన పని చెబుతాను. కార్డు యాప్ తెరవండి. బిల్లు తేదీ, ఆఖరు తేదీ, వడ్డీ శాతం, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి టేబుల్ ముందు అతికించండి. ఆటో డెబిట్ ‘టోటల్’ మీద ఉందో లేదో చూడండి. ఇప్పటికే బాకీ పడి మినిమమ్ కడుతూ ఉంటే, ఈ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. మూడున్నర రూపాయల వడ్డీ కంటే నాన్న తిట్లు చాలా చవక.